గోరేబాళ నలుపలకల సోడా

కాశీ వెళ్ళినవాళ్ళు చెంబుతో గంగ తెస్తారు. నేను రాయచూరు జిల్లా వెళ్ళి ఒక ఖాళీ ప్లాస్టిక్ సీసా తెచ్చుకున్నాను. అది మా ఇంట్లో ఏ బల్లమీదా నిలబడదు. టీవీ పక్కన పెడితే సోఫా కిందికి దొర్లుతుంది, సోఫా మీద పెడితే మా ఆవిడ కాళ్ళ దగ్గరికి దొర్లుతుంది. ఆవిడ దాన్ని చెత్తబుట్టలో వేస్తుంది, నేను తీస్తాను. ఈ వ్యవహారం మా కాపురానికే ముప్పు తెచ్చేలా ఉంది కాబట్టి, ఆ సీసా ఎందుకు నిలబడదో నలుగురికీ చెప్పుకోక తప్పడం లేదు.

మా పెద్దమ్మ కూతురు వరలక్ష్మక్క. ఆవిడ భర్త సూరిబాబు బావ. బావ వాళ్ళ నాన్నగారు మా తణుకు పక్కనున్న కాస్త మాగాణి అమ్ముకుని, సింధనూరు దగ్గర గోరేబాళలో తుంగభద్ర కాలువ కింద పొలం కొన్నారు. మనవైపు నుంచి వెళ్ళి స్థిరపడ్డవాళ్ళ పేటను అక్కడ క్యాంపు అంటారు. సైన్యం ఉంటుందనుకుని భయపడకండి, వరి చేలు, గోంగూర మళ్ళు తప్ప ఏమీ ఉండవు. ఊడ్పుకీ కోతకీ మధ్య ఊరికే కూర్చోలేక ఆ పెద్దాయన ఒక గోలీసోడా షెడ్డు పెట్టారు. ఆయన పోయాక పొలం కంటే ఆ షెడ్డే బావకు ప్రాణమైంది.

ఎండలు ముదురుతున్న రోజుల్లో బావ ఫోను చేశాడు.

"ఏరా, మా దగ్గర్లో బాళగనూరు జాతరకి తేరు లాగే రోజున నా కొత్త సీసా బయటికొస్తోంది. ప్రపంచంలో ఇంకెవడికీ తట్టని సీసా! నువ్వు పేపర్లకి రాస్తావు కదా, వచ్చి కళ్ళారా చూసి రాయి."

రాస్తున్నాను. బావ కోరుకున్నట్టు మాత్రం కాదు.

రాయచూరు: రెండు గుటకల దొంగతనం

రాయచూరు స్టేషన్లో దిగేసరికి పొద్దున్న తొమ్మిదైనా కాలేదు, నా నీడ అప్పటికే వెళ్ళి ఒక కొట్టు పందిరి కింద కూర్చుంది. ఆ ఊరి ఎండకు గోదావరి జిల్లా ఎండను చూపిస్తే పసిపిల్ల అనుకుని ఉయ్యాల ఊపుతుంది. ఒక పక్క కృష్ణ, ఒక పక్క తుంగభద్ర పారుతున్న గడ్డ మీద నాలుక ఇంతలా ఎండిపోవడం విధి ఆడే ఆట తప్ప మరొకటి కాదు.

నీడ వెనకే నేనూ ఆ పందిరి కిందికి చేరాను. కొట్టు తిమ్మప్పది. తరతరాలుగా అక్కడే ఉన్న తెలుగువాడు. కన్నడంలో పలకరిస్తాడు, ఉర్దూలో బేరమాడతాడు, తిట్టడానికి తెలుగు వాడతాడు. ఒక కూల్‌డ్రింకు డబ్బా కొనుక్కుని తాగాను. బావ సీసా ధ్యాసలో ఉన్నానేమో, ఖాళీ డబ్బాను అటూ ఇటూ తిప్పడం మొదలుపెట్టాను.

"ఏంది సార్, గిట్ల తిప్పి తిప్పి చూస్తున్రు? లోపల లాటరీ చిట్టీ ఏమన్న ఉన్నదా?" అన్నాడు తిమ్మప్ప.

"అడుగు లోపలికి గుంటలా ఎందుకుందా అని."

తిమ్మప్ప చుట్టూ చూశాడు. కంపెనీ గూఢచారులు ఎవరూ లేరని తేలాక గొంతు తగ్గించాడు. "గది మోసం సార్. పక్కా మోసం."

నా డబ్బా తీసుకుని తలకిందులుగా బల్లమీద పెట్టి, తన గ్లాసులోని చాయ్ ఆ గుంటలో పోశాడు. వంగి జుర్రున పీల్చాడు. మళ్ళీ పోశాడు, మళ్ళీ పీల్చాడు.

"చూసిండ్రా? రెండు గుటకలు! గీ రెండు గుటకలు ఎవని కడుపుల పోయినయి? మెడ కాడ గూడ సన్నగ నొక్కిండ్రు, ఆడ ఇంకో గుటక. దునియల ఎన్ని డబ్బాలు ఉన్నయో అన్నిటి గుటకలు జమ చెయ్యున్రి సార్, ఒక చెర్వు నిండుతది."

నాకు కళ్ళు తెరుచుకున్నాయి. పుట్టినప్పటి నుంచి మోసపోతున్నానన్న సంగతి నడివయసులో, ముక్కూ మొహం తెలియని ఊళ్ళో, ఖాళీ కడుపుతో తెలుసుకోవడం ఎంత బాధో మీకు తెలియదు. ఆ బాధలో ఇంకో డబ్బా తాగాను.

మాన్వి: నడుమున్న సీసా

సింధనూరు బస్సు మాన్విలో ఆగింది. మనం మరమరాలను బెల్లంపాకంలో ఉండలు కడతాం, లేదా ఉల్లిపాయ కలిపి పొట్లం కడతాం. అక్కడ వాటిని తడిపి, నీళ్ళు పిండేసి, పోపు పెట్టి పళ్ళెంలో పోస్తారు. ఒగ్గరాణి అంటారు. దాంతోపాటు మిరపకాయ బజ్జీ తప్పనిసరి. అడక్కపోయినా వేస్తారు, వద్దంటే జాలిగా చూస్తారు. మన ఊళ్ళో ఒక్క కాఫీకి ఇచ్చే డబ్బుతో అంతా వచ్చింది. బజ్జీ కొరికాను. తర్వాత కొంతసేపు ఏం జరిగిందో సరిగ్గా చెప్పలేను. చెవుల్లోంచి పొగ వచ్చిందని పక్క సీటాయన తర్వాత చెప్పాడు.

ఆ మంట మీద ఒక గాజుసీసా డ్రింకు తీసుకుని బస్సెక్కాను. మంచుపెట్టెలోంచి తీశారేమో, సీసా చేపలా జారుతోంది. డ్రైవరు ఒక గుంతలోకి దించాడు. నేను ముందు సీటు మీదికి, చెప్పులు వెనక సీటు కిందికి ప్రయాణమయ్యాం. సీసా మాత్రం చేతిలోనే ఉంది. నడుము దగ్గర సన్నగా లేకపోతే అది కూడా నన్ను వదిలి వెళ్ళేదే. తడిచెయ్యి కిందికి జారినా ఆ నడుము కింది ఉబ్బు దగ్గర ఆగుతుంది. సీసాకు నడుము చెక్కినవాడు ఇలాంటి బస్సుల్లో తిరిగిన మనిషై ఉంటాడు.

సింధనూరు: గట్టు చెక్కిన బుద్ధి

బస్టాండులో బావ మోటారు సైకిలుతో సిద్ధంగా ఉన్నాడు. నన్ను చూసి నవ్విన నవ్వు బియ్యం మిల్లుల గొట్టాల దాకా వినిపించింది. ఊళ్ళో ఎటు చూసినా మిల్లులే. గాలిలో ఊక ఎంత ఉందంటే నోరు తెరిస్తే తవుడు భోజనం ఉచితం.

ఊరు దాటాక చేల మధ్య బండి ఆపాడు.

"గట్లు చూడరా."

చూశాను. అవి గట్లు కావు, దారాలు. ఒక పిల్లి నడవాలన్నా ముందు సర్కస్‌లో చేరి రావాలి.

"ఏడాదికోసారి పారతో ఇటు కాస్త, అటు కాస్త చెక్కుతాం. ఒక వరస నాటు ఎక్కువ పడుద్ది. నేల ఖాళీగా కనపడితే మా నాన్నకి అన్నం సయించేది కాదు. నాకూ అంతే. ఇప్పుడు చెప్పు, గుండ్రటి సీసాలు పెట్టెలో పెడితే వాటి మధ్య ఏముంటుంది?"

"గాలి."

"ఖాళీ రా, ఖాళీ! నాటెయ్యని మడి! లారీ అద్దె ఆ గాలికి కూడా కడుతున్నాం. కంపెనీలవాళ్ళకి బుర్రలేదు. నా సీసా నలుపలకలు. ఇటుకలాగా పేర్చుకో. అడుగు కూడా పలకే. గుంటలు కొట్టి గుటకలు మింగే మోసం మా ఇంటా వంటా లేదు."

తిమ్మప్ప చెప్పిందే! ఇద్దరు మేధావులు, ఒకరినొకరు ఎరగనివాళ్ళు, ఒకే సత్యాన్ని కనిపెట్టారంటే అది తిరుగులేనిదే అని నేను తేల్చేశాను.

గోరేబాళ క్యాంపు: గోలీల బస్తా

షెడ్డు గుమ్మానికి తలుపు మూసుకుపోకుండా ఒక బస్తా అడ్డం పెట్టి ఉంది. కాలు తగిలి బొటనవేలు వాచింది. లోపల చూస్తే అన్నీ గోలీలు, ఆకుపచ్చ గాజు గోలీలు.

"ఇవేంటక్కా? సీసాలేవి?"

"మీ బావని అడుగు," అంది వరలక్ష్మక్క. "పాత సామానువాడికి వేసేశారు. సీసాలుగా అయితే బండిలో చోటు చాలదని వాడు ఇక్కడే సుత్తితో కొట్టి గాజు ఎత్తుకెళ్ళాడు. గోలీలు మాత్రం వద్దన్నాడు."

"ఒక్కటీ ఉంచలేదా?"

"ఒక వరసైనా ఉంచండి మహాప్రభో అన్నాను. వెనక్కి చూసేవాడు ముందుకి పోలేడంట. ఎదురుగా గొయ్యి ఉన్నా ముందుకే పోతారు కదా ఈయన."

"వినరా వినరా, నా భార్య ఆశీర్వచనం," అన్నాడు బావ.

షెడ్డు మధ్యలో పాత సోడా తిప్పుడు యంత్రం ఉంది. దాంట్లో సీసాను తలకిందులుగా తిప్పితే గోలీ జారి మెడకు పట్టుకుంటుంది, గ్యాసు తోసి దాన్ని అక్కడే అదిమి ఉంచుతుంది. తాగేటప్పుడు గోలీ మళ్ళీ అడ్డం రాకుండా మెడలో రెండు నొక్కులుంటాయి. ఆ నొక్కుల్లో బుగ్గ పట్టుకున్నట్టు గోలీ ఆగుతుంది. చిన్నప్పుడు నేను ఎప్పుడూ ఆ నొక్కుల్ని పైకి పెట్టి తాగి, గోలీ అడ్డం పడి, సోడాలో సగం చొక్కాకు తాగించేవాణ్ణి. ఆ సీసా ఇక చూద్దామన్నా ఆ షెడ్డులో లేదు.

బావ తడిగుడ్డ తీసి కొత్త ప్లాస్టిక్ సీసా చూపించాడు. నిజం చెప్పాలి, అందంగా ఉంది. పలకలు అద్దాల్లా మెరుస్తున్నాయి.

"గ్యాసు నింపి చూశావా?"

"చూడకుండా దిగుతానా? చలికాలంలో పాతిక నింపి నెల రోజులు ఫ్రిజ్జులో పెట్టాను. ఒక్క పలక కదల్లేదు."

అక్క మజ్జిగ ఇచ్చింది. గ్లాసు అందుకుంటుంటే ఆవిడ వేళ్ళు చూశాను. సందుల్లో నానిపోయి తెల్లగా, చర్మం పెచ్చులుగా ఉంది. బొటనవేలి నుంచి మణికట్టు దాకా గాజు గీసిన గీతలు. పెళ్ళయి వచ్చిన మర్నాటి నుంచీ ఆ సీసాలన్నీ తొట్లో ముంచి కడిగింది ఆవిడేనట. పగుళ్ళిచ్చిన మూతి ఎప్పుడు ఏ వేలిని పట్టుకుంటుందో తెలిసేది కాదట.

"దీంతో నీకు సుఖమే కదక్కా. తాగి పారేసే సీసా."

"అదే చెప్పారు మీ బావ. ఇకనించీ నువ్వు నీళ్ళలో చెయ్యి పెట్టక్కర్లేదు అన్నారు." ఖాళీ గ్లాసు అందుకుంటూ, "నాకేనా సంతోషం లేనిది? కానీ భయంగా ఉందిరా తమ్ముడూ. ఉన్న పొలం కూడా రెండు పంటలకి కౌలుకిచ్చేసి దీన్లో పెట్టారు. ఇది నిలబడకపోతే మళ్ళీ మొదలెట్టడానికి ఒక్క సీసా లేదు ఇంట్లో," అంది.

బాళగనూరు: గోడకు కడుపొచ్చింది

తేరు రోజున తెల్లవారకుండానే సోడా నింపి, తడి గోతాలు కప్పి, ట్రాక్టరులో తీసుకెళ్ళాం. బావ తెల్లచొక్కా వేశాడు. ఆరుబయట, అందరికీ కనపడే చోట పెట్టెలు లేకుండానే సీసాలు పేర్చాడు. ఒకదాని మీద ఒకటి, ఒకదాని పక్కన ఒకటి. మనిషెత్తు గోడ లేచింది. గడ్డిపరక దూరే సందు లేదు. జనం తేరును వదిలి ఆ గోడను చూడ్డానికి వచ్చారంటే నమ్మండి. నమ్మకపోయినా, కొందరైతే వచ్చారు. బావ వాళ్ళ నాన్నగారుంటే ఆ గోడ ముందు కూర్చుని కడుపునిండా అన్నం తినేవారు.

మొదటి గంట బాగానే అమ్ముడుపోయింది. పొద్దెక్కింది. నీడ గోడను వదిలి పక్క గాజుల కొట్టుకు పోయింది.

ముందు ఒక చప్పుడు వినిపించింది. టక్.

"ఏంటది?" అంది అక్క.

"గోడ సర్దుకుంటోంది," అన్నాడు బావ.

టక్. టక్. గోడ సర్దుకోవడం లేదు, ఊపిరి పీలుస్తోంది. పలకలన్నీ ఒక్కొక్కటే బయటికి ఉబ్బుతున్నాయి. లోపలి గ్యాసు ఎండకు లేచి, నాలుగు మూలల్నీ ఒక్కలాగే తోస్తూ, నాకు గుండ్రమే కావాలని పట్టు పట్టింది. చూస్తుండగానే గోడకు కడుపొచ్చింది. అయిదో నెల, ఏడో నెల, నెలలు నిండాయి. బావ రెండు చేతులూ ఆనించి, చివరికి వీపు పెట్టి తోశాడు. మనిషి వీపుతో ఆగేది కాదది.

గోడ పడింది. వందల సీసాలు, అప్పటికి పొట్టి గుమ్మడికాయలైపోయినవి, వాలుకు దొర్లుకుంటూ తేరు వైపు బయల్దేరాయి. లాగేవాళ్ళు పగ్గం పట్టుకునే ఎగిరి గంతులేశారు. మూడు మూతలు తుపాకుల్లా పేలాయి. అందులో ఒకటి నా నుదుటికి తగిలి ఇప్పటికీ చిన్న గుర్తుంది, అడిగినవాళ్ళకు చూపిస్తున్నాను.

జనం నవ్వారు. నేనూ నవ్వాను. బావ మొహం చూశాక నవ్వు ఆగిపోయింది.

మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కో సీసానూ ఏరి నిలబెడుతున్నాడు. అడుగు కోడిగుడ్డులా ఉబ్బింది. నిలబెడితే ఊగుతుంది, పడుతుంది. మళ్ళీ నిలబెడతాడు. అరచేతులతో పలకలను లోపలికి నొక్కుతాడు. ఒకవైపు నొక్కితే ఇంకోవైపు వస్తుంది.

వరి కోతలకు వచ్చే కూలీ ఆవిడ హులిగెమ్మ ఒకటి కొని, రెండు గుక్కలు తాగి, బండి అంచు మీద పెట్టింది. అది పక్కకు ఒరిగి, మిగిలిన సోడా ఆవిడ ఒడిలో పోసింది.

"ఏన్రీ ఇదు, ఏందిది! సూరన్నా, నీ సీసా కూర్చోదు, నిలబడదు. సంకల ఏసుకొని తిరగాల్నా, చంటిపిల్ల లెక్క?" అంది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు పగలబడ్డారు. ఆవిడ చీర దులుపుకుని, "గిదంత మాకెందుకన్నా. గోలీ సోడా కొట్టియ్యి. గదేడ పెట్టినవ్?" అని వెతుకుతున్నట్టు బండి వెనక్కి చూసింది.

బావ ఆవిడ వైపు చూడలేదు. "లేదమ్మా," అన్నాడు. "ఇక లేదు."

మళ్ళీ గోరేబాళ

మర్నాడు ముగ్గురం షెడ్డులో కూర్చుని మూతలు తీశాం. ప్రతి సీసా బుస్సుమని నిట్టూర్చింది. మిగిలిన సోడా అంతా పంటబోదెలో పోశాం. నురగ తేలుతూ పొలాల్లోకి పోయింది. గ్యాసు పోయాకైనా పలకలు వెనక్కి రాలేదు. సాగిన ప్లాస్టిక్కు సాగినట్టే ఉండిపోయింది.

సీసాలు అమ్మిన వ్యాపారికి ఫోను చేస్తే, అవి నూనెకూ పళ్ళరసానికీ చేసినవనీ, గ్యాసు నింపమని తానెప్పుడూ చెప్పలేదనీ అన్నాడు. నిజమే. బావ కూడా గ్యాసు కోసమని చెప్పలేదు. చెబితే తన ఆలోచన ఎత్తుకుపోతాడని భయపడ్డాడు.

డబ్బాల రహస్యం కూడా తిరిగొచ్చాక మా పక్కింటి ఇంజినీరు విప్పాడు. అడుగు లోపలికి వంగి ఉండేది గుటకలు మింగడానికి కాదు, ఆనకట్ట నీటికి ఎదురు వంగినట్టు గ్యాసుకు ఎదురు నిలవడానికట. చదునుగా ఉంటే ఉబ్బుతుందట. మెడ సన్నం చేసేది, అన్నిటికంటే మందంగా ఉండే పైమూత రేకు తక్కువ పట్టడానికట. తిమ్మప్పకు చెప్పాలి. నమ్మడు.

మూతలు తీసిన రోజు పొద్దున నేను లేచేసరికి అక్క తొట్టి దగ్గర కూర్చుని ఉంది. కొంగు నడుముకు చుట్టింది, సీసాలు కడిగే బ్రష్షు చేతిలో ఉంది. తొట్లో నీళ్ళు లేవు, సీసాలూ లేవు. నన్ను చూసి, "అలవాటురా," అని లేచింది. బ్రష్షును గోడ మేకుకు తగిలించింది.

బావ నాతో ఒక్క మాటే అన్నాడు. "దాని చేతులు చూశావా? ఆ చేతుల కోసమే కదరా ఇదంతా."

సింధనూరు బస్టాండు

ఇద్దరూ నన్ను బస్సెక్కించడానికి వచ్చారు. అక్కకు అక్కడ పని కూడా ఉంది. ఒక మిల్లులో బియ్యం ఏరేందుకు ఆడవాళ్ళు కావాలన్నారట.

ఎండ మండిపోతోంది. బావ ఒక పెద్ద కంపెనీ ప్లాస్టిక్ సీసా కొన్నాడు. శత్రువు సోడా తాగడమేమిటని నేను వేళాకోళమాడబోయి ఊరుకున్నాను. అతను మూత తియ్యలేదు. సీసాను తలకిందులు చేసి అడుగు వైపే చూస్తున్నాడు.

అడుగున అయిదు బుడిపెలు, మధ్యలో గుంట. పాదానికి వేళ్ళున్నట్టు.

"కాళ్ళురా," అన్నాడు. "ఇది ఉబ్బకుండా, ఒరక్కుండా కాళ్ళిచ్చారు దీనికి. మా కోతల్లో కూలీలకి ఎన్ని కొన్నానో లెక్కలేదు. బురదగట్టు మీద కూడా నిలబడేది. నిలబడుతోంది కదా అని ఒక్కసారి కూడా తిరగేసి చూడలేదు."

బెంచీ మీద పెట్టాడు. పక్కనే ఆగిన బస్సు ఇంజనుకు బెంచీ అంతా వణుకుతోంది. సీసా కదల్లేదు.

ముగ్గురం పంచుకుని తాగాం. నా బస్సు హారను కొట్టింది. కిటికీ పక్క సీటు దొరకబుచ్చుకుని తొంగిచూశాను. ఒళ్ళో బావ ఇచ్చిన ఉబ్బు సీసా ఉంది.

అక్క ఖాళీ సీసా తీసుకుని మంచినీళ్ళ కుళాయి దగ్గరికి వెళ్ళింది. మూత తీసి, నీళ్ళు పట్టి, గలగల ఆడించి పారబోసింది. మళ్ళీ పట్టింది. చూపుడువేలు మూతి లోపల పెట్టి చుట్టూ తిప్పింది, పగులేమైనా ఉందా అని. తర్వాత సీసాను తలకిందులుగా పట్టుకుని, షెడ్డులోలాగా సీసాను బోర్లించి ఆరబెట్టే చెక్క కోసం అటూ ఇటూ చూసింది.

బావ దగ్గరికెళ్ళి ఏదో అన్నాడు. నాకు వినిపించలేదు. బస్సు కదిలింది. బస్టాండు మలుపు తిరిగేదాకా ఆవిడ అలాగే నిలబడి ఉంది. చేతిలోని సీసాలోంచి నీళ్ళు బొట్లుబొట్లుగా కారుతున్నాయి.